మామ వినని సద్దు

మా మామ పోయారన్న ఫోను వచ్చినప్పుడు నేను ఊరి శివార్లలోని జిగణిలో, ఇనుము చెక్కే ఒక లేత్ షెడ్డులో నిలబడి ఉన్నాను. మిషన్ మోతలో నా భార్య ఏమంటోందో వినపడక బయటికి పరుగెత్తాను. "నాన్న లేరు, వచ్చెయ్" అంది. అంతే. లోపల ఆయన బండికి వెయ్యాల్సిన షాఫ్టు సగం చెక్కి ఉంది. అల్లుడన్నవాడు ఆ పూట ఆస్పత్రిలో మంచం పక్కన ఉండాలి. నేను అక్కడ లేకపోవడానికీ, ఆ షాఫ్టు కొత్తగా చెక్కించాల్సి రావడానికీ కారణం ఒక్కటే, నా చేతులు. ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఆయన మహానుభావుడని చెప్పడానికి కాదు. ఎవరితోనైనా చెప్పుకోకపోతే నాకు ఊపిరాడటం లేదు.

మామ జిగణిలోని ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేసిన టర్నరు. తాతల కాలంలోనే హిందూపురం వైపు నుంచి రాష్ట్రం సరిహద్దు దాటి వచ్చి మడివాళలో స్థిరపడ్డ కుటుంబం. అన్నాళ్లూ ఆయన డ్యూటీకి వెళ్లింది ఒకే బండి మీద. బండి అంటే షోరూముల్లో మెరిసేది ఊహించుకోకండి. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండే పాతకాలపు మోటారుసైకిలు, మొండిఘటం. కొత్తవాళ్లు ఎక్కితే బ్రేకు అనుకుని గేరు తొక్కి ఎదురింటి గోడను పలకరించి వచ్చేవారు. ఆయన రిటైరయ్యాక అది మెట్ల కింద టార్పాలిన్ కప్పుకుని పన్నెండేళ్లు పడుకుంది. కిందటేడు ఆయన రెండు కిడ్నీలూ ఇక పనిచేయవని డాక్టర్లు తేల్చారు. వారానికి మూడుసార్లు డయాలసిస్ అన్నారు. మొదటి వారం గడిచిన మర్నాడే ఆయన వెళ్లి ఆ టార్పాలిన్ లాగేశారు.

"ఇప్పుడేల మీకిది?" అంది అత్త.

"సుమ్నే, ఊరికే పడుకోని ఏం చేసేది? దీని సద్దు ఒకసారి విని పోతా."

ఆ మాటలో చివరి ముక్క విని అత్త లేచింది. హాల్లో సోఫా జరిపి చోటు చేసింది.

మేం అదే ఇంట్లో పై అంతస్తులో ఉంటాం. ఇల్లరికపు అల్లుడని స్నేహితులు ఏడిపిస్తారు, ఏడిపించనీ. ఆస్పత్రి లేని రోజుల్లో పొద్దున్నే కిందకు దిగేసరికి ఆయన ముక్కాలి పీట మీద కూర్చుని, డీజిల్ గిన్నెలో ఒక్కో సామానూ ముంచి పాత టూత్‌బ్రష్‌తో తోముతూ ఉండేవారు. విప్పినవన్నీ హార్లిక్స్ సీసాల్లాంటి వాటిలో, బిస్కెట్ డబ్బాల్లో ఉండేవి. ఏ డబ్బా మీదా పేరు రాయలేదు. "రాస్తే డబ్బాకి తెలుస్తాది, నీకు తెలీదు" అనేవారు. ఇంజను అతుకుల మధ్య పెట్టే గ్యాస్కెట్లకు ఆయన కొట్టుకి వెళ్లేవారు కాదు. ఇంటికొచ్చిన పెళ్లిపత్రికల్లో మందంగా ఉన్నది ఏరి, ఇంజను అంచు మీద పరిచి, చిన్న సుత్తితో చుట్టూ టకటకా కొడితే అచ్చు గుద్దినట్టు తెగి వచ్చేది. పెళ్లి అయ్యేదాకా అత్త పత్రికల్ని బియ్యం డ్రమ్ములో దాచేది. అయినా ఒకసారి ముహూర్తం ఉన్న భాగమే క్లచ్ మూతలోకి వెళ్లిపోయి, మేం పెళ్లికి ఒక పూట ఆలస్యంగా చేరుకుని, విస్తళ్లు ఎత్తేస్తుంటే అక్షింతలు వేసి వచ్చాం.

ఆయనకు ఊరికే కోపం వచ్చేది. స్పానరు జారితే స్పానరునీ, కాఫీ చల్లారితే అత్తనీ, బోల్టు రాకపోతే ఆ బోల్టు తాత ముత్తాతల్నీ తిట్టేవారు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. మా వైపు అల్లుడిని అనరు. నేను తప్పు చేస్తే ఆయన బండి వైపు తిరిగి, "నీకు బుద్ధి ఉండాదా?" అనేవారు. బండి నా తరఫున చాలా తిట్లు తింది. నాకు నేర్పిన మాట ఒకటుంది. "బోల్టు మర ఎక్కకుంటే బలం పెట్టొద్దప్పా, బుద్ధి పెట్టు." ఆ రెండోది నా దగ్గర ఎంత ఉందో తరవాత తేలింది.

ఒక శనివారం ఆయన ఇంజను కుడివైపు మూత తీసి ఏదో చూపిస్తున్నారు. నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఒక చెవిలో ఇయర్‌ఫోను, రెండో చెవి ఆయనకిచ్చాను. "ఈ ఒక్క నట్టు మాత్రం ఎదురు తిరుగుతాది. మిగతావన్నీ విప్పే పక్కకి తిప్పితే ఇది బిగుసుకుంటాది. గుర్తుండాదా?" అన్నారు. "ఆ" అన్నాను. ఆ "ఆ" ఆయనకు చెప్పానో, మీటింగులో మేనేజరుకు చెప్పానో నాకు నిజంగా తెలియదు.

తరవాతి బుధవారం ఆయన డయాలసిస్‌కి వెళ్లారు. వచ్చేసరికి ఆ పక్కంతా విప్పి పెట్టి ఆయన్ని ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆ నట్టు దగ్గర స్పానరు కదల్లేదు. బలం పెట్టాను. కదల్లేదు. స్పానరుకు ఇనుప పైపు తొడిగి, కాలు గోడకు తన్నిపెట్టి లాగాను. టప్ మంది. నట్టుతో పాటు షాఫ్టు కొస విరిగి నా ఒళ్లో పడింది. ఇంజను గుండెకాయలోంచి వచ్చే షాఫ్టు అది. కొత్తది పడాలంటే మొత్తం ఇంజను మళ్లీ విప్పాలి.

ఆటో దిగి గోడ పట్టుకుని లోపలికి వచ్చిన మామ, సోఫాలో కూర్చుని ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని చూశారు. బండి వైపు తిరుగుతారేమో, దాన్నైనా తిడతారేమో అని ఎదురుచూశాను. తిట్టలేదు. "స్వల్ప కాఫీ ఇయ్యి" అన్నారు అత్తతో. మా నాన్నయితే చెంప పగలగొట్టి ఉండేవాడు, అక్కడితో అయిపోయేది. మర్నాడు సిగ్గు విడిచి అడిగాను.

"మామా, ఒక్క మాట తిట్టండి."

"అల్లుడిని తిడితే నా కూతురు నన్ను ఇంట్లో ఉండనిస్తాదా?" అని నవ్వారు. ఆ నవ్వులో నీరసం తప్ప ఏమీ లేదు.

ఆ తరవాత నేను తిరగని సందు లేదు. సెలవు పెట్టి బళేపేటలో ఇనుప సామాన్ల కొట్లన్నీ ఎక్కి దిగాను. "ఈ కాలంలో ఎవరు పెడతారు సార్ ఇవి" అనేవాళ్లు కొందరు. అది కాని దాన్ని అదేనని అంటగట్టబోయినవాళ్లు కొందరు. రెండుసార్లు మోసపోయి తెచ్చాను కూడా. మామ చేత్తో ముట్టుకోగానే "ఇది కాదప్పా" అనేవారు. చివరికి, ఫ్యాక్టరీలో ఆయనతో పక్క మిషన్ మీద పనిచేసిన పాత స్నేహితుడు జిగణిలో సొంతంగా లేత్ పెట్టుకున్నాడని తెలిసి వెళ్లాను. "వాడికైతే చేస్తా. నాలుగు దినాలు ఉండు" అన్నాడాయన. నాలుగు రోజులు! అప్పటికే మామకి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆస్పత్రిలో చేర్చాం. నేను లోపలికి వెళ్లగానే మాస్కు కొంచెం పక్కకు జరిపి అడిగే మాట ఒకటే, "అయ్యిందా?"

నాలుగో రోజు పొద్దున జిగణికి బయల్దేరుతూ ఆస్పత్రికి వెళ్లాను. "ఈరోజు వచ్చేస్తుంది మామా. రేపు ఇంజను కట్టేద్దాం" అన్నాను.

ఆయన మాస్కు పక్కకు జరిపారు.

"నాకు టైమ్ లేదని నీకు తెలుసు కదప్పా" అన్నారు. మాస్కు తిరిగి పెట్టుకోబోతూ, "నేను చెప్పినాను కదా నీకు" అన్నారు. ముఖం గోడ వైపు తిప్పుకున్నారు.

నేను అడిగి తిట్టించుకోవాలనుకున్న తిట్టు అదే. ఇన్నేళ్లలో ఆయన నన్ను అన్నది ఆ రెండు మాటలే. క్షమించారని చెప్పుకుంటే నాకు హాయిగా ఉండేది. కానీ క్షమించలేదు. ఆ కోపంతోనే వెళ్లిపోయారని నా నమ్మకం. ఆ కోపం న్యాయమైనదే.

ఫోను విని నేను షెడ్డులోకి తిరిగి వచ్చి చెప్పినప్పుడు మామ స్నేహితుడు లేత్ ఆపి, చేతులు తుడుచుకుని, తల పట్టుకుని కూర్చున్నాడు. నేను వెళ్లబోతుంటే, "నువ్వు పో. పని సగంలో నిలిపితే వాడు ఒప్పుకోడు" అని మళ్లీ మిషన్ వేశాడు. కర్మ రోజున ఆ షాఫ్టును తెల్ల గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. తరవాత మూడు ఆదివారాలు ఆయన జిగణి నుంచి వచ్చి నాతో కలిసి ఇంజను కట్టాడు. పేరు లేని ఆ డబ్బాల్లో ఏది ఎక్కడిదో తెలియక గంటలు గంటలు కూర్చున్నాం. ఆ నట్టు దగ్గరికి వచ్చేసరికి స్పానరు ఆయన చేతికిచ్చాను. ఆయనే బిగించాడు.

మూడో ఆదివారం సాయంత్రం బండిని వాకిట్లోకి తోశాం. ట్యాంకు ఇంకా పెయింటరు దగ్గరే ఉంది. ఒక నీళ్ల సీసాలో పెట్రోలు పోసి, కిటికీ ఊచకు తలకిందులుగా వేలాడదీసి, సన్నటి ట్యూబు కార్బురేటరుకు పెట్టాను. ఎన్ని కిక్కులు కొట్టానో తెలియదు. ఒకసారి కిక్కు ఎదురుతన్ని పిక్క వాచింది. కుంటుకుంటూ మళ్లీ కొట్టాను. ఉన్నట్టుండి అందుకుంది.

దడ్, దడ్, దడ్. కిటికీ అద్దాలు అదిరాయి. నా భార్య పరుగెత్తుకొచ్చి మెట్ల మీద కూలబడింది. కొత్తగా కట్టిన ఇంజను ఎక్కువసేపు నడపకూడదు, ఆపమని స్నేహితుడు సైగ చేశాడు. నేను ఆపడానికి చెయ్యి చాచి, వెనక్కు తీసుకున్నాను. ఆయన కూడా చెయ్యి దించేశాడు.

అత్త తడిచేతులతో వంటింట్లోంచి వచ్చింది. బండి వైపు చూడలేదు. కిటికీ కింద నిలబడి, తలెత్తి, సీసాలోకి చూసింది.

"ఇంకా ఎంత ఉండాది నాయనా?" అని అరిచింది, ఆ మోతలో నాకు వినపడాలని.

"రెండు వేళ్లంత ఉంది అత్తా."

తల ఊపి, కూతురి పక్కన కూర్చుంది. సీసా ఖాళీ అయ్యేదాకా మేం నలుగురం దాన్నే చూస్తూ ఉండిపోయాం.