ఎన్ని కళ్ళు వదిలారు?

శశికళకు సైకిల్ తొక్కడం ఎనిమిదో ఏట వచ్చింది. గేర్లు మార్చడం మాత్రం నలభై ఏడో ఏట నేర్చుకుంది. ఆ మధ్యలో చాలా జరిగాయి. కీసర దగ్గర నాయన వీరభద్రరావు వేసిన ద్రాక్షతోట ప్లాట్లయింది. హైదరాబాదులో ఇంజనీరింగు పూర్తయింది. గుంటూరు నుంచి వచ్చిన జగదీష్ ఆఫీసు క్యాంటీన్‌లో పరిచయమై, రెండేళ్ళు తిరిగేసరికి మొగుడయ్యాడు. ఇప్పుడు కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఇల్లు, అవని అనే పదహారేళ్ళ కూతురు, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. ఆ ఉద్యోగం ఆమెకు అతికినట్టు సరిపోయింది. నడుస్తున్న వస్తువు మీద ఆమెకు పెద్దగా ధ్యాస ఉండదు. ఆగిపోయినది కనిపిస్తే మాత్రం, ఎందుకు ఆగిందో తేలేదాకా కాలు కదలదు.

పెళ్ళయి ఇరవై ఏళ్ళయిన సందర్భంగా మే నెలలో ఫ్రాన్స్ వెళ్ళాలనుకున్నారు. ద్రాక్షతోటల మధ్య ఓ చిన్న ఊళ్ళో దిగి, వారం రోజులు సైకిళ్ళ మీద తిరగాలని జగదీష్ మ్యాపులన్నీ గీసి పెట్టుకున్నాడు. జనవరిలో అమెరికా వీసా స్టాంపింగ్‌కి స్లాట్ దొరకలేదు. స్టాంపింగ్ లేకుండా దేశం దాటితే మళ్ళీ లోపలికి ఎప్పుడు రానిస్తారో ఎవరూ చెప్పలేరు. మూడో రోజు పొద్దున జగదీష్ ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"శశీ, బోవల్ అని ఒక ఊరుందే. గంటన్నర డ్రైవ్. నూట పాతికేళ్ళ కింద ఫ్రెంచివాళ్ళు వచ్చి తోటలు వేసుకున్నారట. మూడొందల మంది జనం, ఒక చర్చి, ఒక బేకరీ. సైకిళ్ళు అద్దెకిస్తారు."

"ఫ్రాన్స్ లేదని ఫ్రాన్స్ పేరున్న ఊరికి పోదామంటవా?"

"స్టాంపింగ్ అక్కర్లేదుగా!"

అలా ఫిబ్రవరిలో ఒక శనివారం ముగ్గురూ బోవల్‌లో దిగారు.

ఊరు చెప్పినంత నిశ్శబ్దంగానే ఉంది. బేకరీ ముందు ఒక కుక్క పడుకుని ఉంది. అది కూడా తల ఎత్తలేదు. శశికళకు మొదట కంటపడినవి ఆవపూలు. తోటల్లో సాళ్ళ మధ్య పచ్చగా, మోకాలి ఎత్తున పూసి ఉన్నాయి. వాటి మధ్య నల్లటి మోడుల్లా ద్రాక్షచెట్లు. ఒక్క ఆకు లేదు.

"అయ్యో, తోటంతా ఎండిపోయింది గదా!" అంది ఆమె, సైకిల్ ఆపేసి.

"అమ్మా, ఇట్స్ వింటర్," అంది అవని ఆవపూలలో తనను తాను ఫొటో తీసుకుంటూ. "దే ఆర్ స్లీపింగ్."

శశికళకు నమ్మకం కలగలేదు. కీసరలో ద్రాక్ష నిద్రపోగా ఆమె చూడలేదు. అక్కడ ఏడాదికి రెండు కత్తిరింపులు, పన్నెండు నెలలూ పచ్చటి పందిరి. ఆ పందిరి కింద వంగి నడవడమే ఆమె బాల్యం. ఇక్కడ పందిరి లేదు. చెట్లన్నీ బడి ప్రేయర్లో పిల్లల్లా వరసలో నిలబడి, ఇనుప తీగకు చేతులు కట్టుకుని ఉన్నాయి. ఆమె దిగింది. కొమ్మ గోకి చూసింది. లోపల పచ్చగా ఉంది.

"నిజమేనే. పడుకున్నయి."

ఆ తర్వాత పది నిమిషాలకోసారి దిగింది. ఒక చోట కొమ్మకు కట్టిన తాడు ముడి చూడటానికి, ఒక చోట మట్టి నలిపి వాసన చూడటానికి. జగదీష్ ముందు వెళ్ళి ఆగడం, వెనక్కి రావడం, మళ్ళీ వెళ్ళడం.

"నేను ఒకటికి రెండింతలు తొక్కుతున్నా తెలుసా? నీ ఇన్‌స్పెక్షన్ అయితే చెప్పు."

"నువ్వు మ్యాపు చూడవోయ్. నేను ఊరు చూస్త."

సైకిళ్ళు తిరిగి ఇచ్చేటప్పుడు అసలు సంగతి మొదలైంది. సైకిళ్ళ షెడ్డు పక్కన, గోడకు కట్టిన తీగల మీద ఒంటరిగా ఒక పాత చెట్టు ఉంది. కాండం మనిషి తొడంత లావు. దానికి నారింజరంగు రిబ్బను కట్టి ఉంది. షెడ్డు నడిపే కుర్రవాడు ల్యూక్ చెప్పాడు: సోమవారం యంత్రం వస్తుంది, చెట్టు వేళ్ళతో సహా పోతుంది, ఆ జాగాలో సైకిల్ స్టాండు వస్తుంది. ఆరేళ్ళుగా ఒక్క గుత్తి కాయలేదు.

లోపల కుర్చీలో కూర్చున్న పెద్దావిడ ఆ మాట విని ముఖం తిప్పుకుంది. ఆమె పేరు ఒడెట్, ల్యూక్‌కి మేనత్త. వాళ్ళ తోటంతా వైన్ ద్రాక్షే. ఈ ఒక్కటి మాత్రం ఆమె భర్త తినడానికని గింజల్లేని రకం తెచ్చి నాటాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ బుట్టలకు బుట్టలు కాసింది. ఆయన పోయిన మరుసటి ఏడాది నుంచి ఆకులే.

"దానికి దిగులు," అంది ఒడెట్.

శశికళకు ఆ మాట నచ్చింది కానీ, సరిపోలేదు. ఆరేళ్ళు దిగులుపడే చెట్టుకు అంత నిగనిగలాడే కొమ్మలు ఎక్కడివి? గింజలేని రకం, బలమైన కొమ్మ, గుత్తి లేదు. దగ్గరకు వెళ్ళి కిందటేటి కోత గుర్తులు వేలితో తడిమింది. కొమ్మలన్నీ మొదట్లోనే పొట్టిగా కోసినవి. మిగతా తోటలాగే ఉన్నాయి. ల్యూక్ వైపు తిరిగి, తనకు వచ్చిన ఇంగ్లీషులో అడిగేసింది:

"హౌ మెనీ ఐస్ యూ కీప్?"

ల్యూక్ ఒక్క క్షణం చూసి, లోపలికి వెళ్ళి, పెద్ద గ్లాసు నిండా ఐసుగడ్డలు వేసి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

ద్రాక్ష రైతు మొగ్గను కన్ను అంటాడు. శశికళ ఆ కన్నును ఇంగ్లీషులోకి మార్చింది. మార్చిన కన్ను ఆమె నోట్లో మంచుగడ్డ అయింది. జగదీష్ అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు.

"అమ్మా!" అంది అవని, చెవుల దాకా ఎర్రబడి. "బడ్స్! దే ఆర్ కాల్డ్ బడ్స్! హూ సేస్ ఐజ్?"

"మా నాయన అంటడు. కన్ను కాకపోతే మరేంది? దాంట్లకెంచేగా చెట్టు బయటికి చూసేది!" శశికళ గ్లాసు కూతురి చేతిలో పెట్టి, తన కన్ను చూపించి, తర్వాత కొమ్మ మీది మొగ్గ చూపించింది. "దిస్. హౌ మెనీ?"

కుర్చీలోంచి ఒడెట్ లేచి వచ్చింది.

"ఓయ్," అంది.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ఆమె మొగ్గ మీద వేలు పెట్టి మళ్ళీ అంది, "ఓయ్." ఫ్రెంచిలో కంటికి దాదాపు అలాగే పలుకుతుందట. వాళ్ళ తాత కూడా మొగ్గను కన్నే అనేవాడట. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో తనకే గుర్తు లేదంది.

"మన దగ్గరా ఓయ్ అంటే తిరిగి చూస్తారు," అన్నాడు జగదీష్. ఆ జోకు అనువదించే ధైర్యం ఎవరూ చేయలేదు.

ల్యూక్ జవాబు చెప్పాడు. కూలీలు అన్నిటికీ రెండు కళ్ళు వదిలి కోస్తారు, దీనికీ అంతే.

"ఎవరు కోసేది, ఆయన ఉన్నప్పుడు?"

"ఆయనే," అంది ఒడెట్. "దీన్ని ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు."

శశికళ ఊపిరి పీల్చుకుని చెప్పింది. ఈ రకానికి మొదటి కళ్ళు గుడ్డివి. వాటిలో ఆకే ఉంటుంది, కాయ ఉండదు. కాయ కొమ్మ మధ్య కళ్ళలో ఉంటుంది. పది, పన్నెండు వదలాలి. మీరు ఏటా కాయను కోసి పారేసి, కాయలేదని చెట్టును తిడుతున్నారు.

చివరి వాక్యం అవని కాస్త మర్యాదగా మార్చి చెప్పింది.

ల్యూక్ నెత్తి గోక్కున్నాడు. యంత్రం బుక్ అయింది, స్టాండు ఇనుము వచ్చేసింది. ఒడెట్ గోడకు వేలాడుతున్న పాత కత్తెర తీసి, చొక్కా అంచుతో తుడిచి, శశికళ చేతికిచ్చింది. ల్యూక్ అత్త ముఖం చూశాడు.

"మే నెల దాకా," అన్నాడు. "గుత్తి కనిపించకపోతే తీసేస్తాను."

నలభై ఏళ్ళ కిందటి పని. నాయన ముందు నడుస్తూ అరిచేవాడు, "లెక్కపెట్టు బిడ్డా!" ఆమె వేలితో కన్ను కన్నుకూ లెక్కపెట్టి, పదో కన్ను దాటాక సుద్దతో గీత పెట్టేది. ఇక్కడ సుద్ద లేదు. అవనిని లిప్‌బామ్ అడిగితే ఇవ్వలేదు. నాలుగు బలమైన కొమ్మలు ఎంచి, లెక్కపెట్టి, కోసి, తీగకు అడ్డంగా వంచి కట్టింది. మిగతాదంతా తీసేసింది. చెట్టు చూస్తే జాలేసింది.

కారెక్కాక గాని భయం పట్టుకోలేదు.

"తప్పయితే?" అంది.

"తప్పయితే ఏముంది? సోమవారం పోయేది మేలో పోతుంది."

"అట్ల కాదు జగదీష్. ఆమె ఆరేండ్లు దిగులనుకుంది. నేనొచ్చి కాదన్న. రేపు గుత్తి రాకపోతే, చెట్టూ పాయె, దిగులూ అబద్ధమాయె."

జగదీష్ రేడియో పెట్టబోయి మానేశాడు.

మార్చిలో శశికళ రెండుసార్లు బోవల్ వెళ్ళింది. ఆఫీసులో లంచ్ టైములో ద్రాక్ష రకాల గురించి చదివింది, చదివినకొద్దీ అనుమానాలు పెరిగాయి. కీసరలో చలి లేదు, ఇక్కడ ఉంది. అక్కడ రెండు కోతలు, ఇక్కడ ఒకటి. అక్కడ పదో కన్ను నిజమైతే ఇక్కడా నిజమేనా? పక్కింటి అనురాధ వాకింగ్‌లో ఆటపట్టించింది. "ఫ్రాన్స్ పోతానని చెప్పి వ్యవసాయంలో చేరావేంటి శశీ?" శశికళ నవ్వలేదు. వచ్చే శనివారం వాన ఉందా అని అడిగింది.

మే మొదటి శనివారం ముగ్గురూ సొంత సైకిళ్ళు కారుకు కట్టుకుని వెళ్ళారు. ఆవపూలు లేవు. తోట మొత్తం లేత ఆకుపచ్చగా లేచి కూర్చుంది. శశికళ ఈసారి ఎక్కడా దిగలేదు, జగదీష్‌కే వెనకబడే పని పడింది. షెడ్డు దగ్గర ఒడెట్ గుమ్మంలో నిలబడి ఉంది. చెట్టు వైపు చెయ్యి చూపించింది అంతే.

శశికళ సైకిల్ పట్టుకుని అక్కడే నిలబడింది. అవనే వెళ్ళింది. కొమ్మ మొదట్లో వేలు పెట్టి, తల్లికి వినపడేలా గట్టిగా లెక్కపెట్టింది, తనకు వచ్చిన తెలుగులో.

"ఒక కన్ను, ఆకు. రెండు కన్ను, ఆకు. మూడు కన్ను, ఆకు..." గొంతు తగ్గింది. "నాలుగు కన్ను... అమ్మా. అమ్మా, కమ్ హియర్!"

ఆకు వెనక, ఆవగింజలంత పచ్చటి పూసలు గుచ్చినట్టు, వేలెడు గుత్తి. అయిదో కంటికి ఇంకోటి. ఆరో కంటికి రెండు. అవని పదకొండు దాకా వెళ్ళి, తర్వాతి కొమ్మ మొదలుపెట్టింది. ఒడెట్ వచ్చి ఒక గుత్తిని తాకబోయి, తాకకుండా చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఆయన నాకు ఎప్పుడూ చెప్పలేదు," అంది. కోపమో నవ్వో తెలియలేదు. "ఇరవై ఏళ్ళు కోశాడు, ఒక్కసారి లెక్క చెప్పలేదు!"

ల్యూక్ వచ్చి, అందరి వెనక నుంచి తొంగిచూసి, రిబ్బను ముడి విప్పి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి, అడక్కుండానే నాలుగు గ్లాసుల్లో ఐసు నీళ్ళు తెచ్చాడు. ఈసారి అవనే ముందు నవ్వింది.

"స్టాండు గోడ అవతల పెడతాను," అన్నాడు. "కానీ వచ్చే ఫిబ్రవరిలో కోసేది ఎవరు?"

శశికళ జగదీష్ వైపు చూసింది. జగదీష్‌కి ఆ చూపు తెలుసు.

"ఆగు ఆగు. ఫిబ్రవరిలో స్టాంపింగ్‌కి స్లాట్ దొరికితే?"

"మార్చిల చూడు," అంది శశికళ, ఫోన్‌లో శనివారాలు వెతుకుతూ. "స్లాట్ ఆగుతది. కళ్ళు ఆగవు."