గంగాళంలో సముద్రం

నత్త చేపల తొట్టి అద్దం మీది నుంచి జారి వెల్లకిలా పడి ఉండటం టీక్యా పొద్దున పళ్ళు తోముకుంటూ చూశాడు. నత్తలు పడతాయి, మళ్ళీ లేస్తాయి అనుకుని చెంచాతో తిప్పి పెట్టాడు. మధ్యాహ్నానికి అది మళ్ళీ అలాగే ఉంది. ఈసారి తిప్పబోతే లోపలి మెత్తటి ప్రాణం చిప్పలోంచి ఊడి చెంచాలోకి వచ్చేసింది.

"చేపలు రెండు మంచిగనే ఉన్నయి గద?" అంది భార్య రుక్కి వెనక నుంచి.

"ఉన్నయి," అన్నాడు. కానీ ఆ చెంచాను వెంటనే కింద పెట్టలేకపోయాడు.

ఆ చేపలు తనవి కావు. అదే అతని బాధ.

బయ్యారం దగ్గరి తండాలో పుట్టిన బానోతు టీక్యా డోర్నకల్ జంక్షన్లో ముప్పై నాలుగేళ్ళు కీమ్యాన్‌గా చేశాడు. తెల్లవారకముందే భుజాన సుత్తి, పానా, ఎర్రజెండా వేసుకుని పట్టాల వెంట నడవడం, వదులైన కీలను కొట్టి బిగించడం, అనుమానం ఉన్న చోట పట్టాను సుత్తితో తాకి, మోత విని, లోపల పగులుందో లేదో తేల్చుకోవడం అతని పని. చూడని దాన్ని చూశానని ఒక్కనాడూ డైరీలో రాయలేదు. "అప్పజెప్పింది అప్పజెప్పినట్టు మల్ల చేతుల వెట్టాలె" అనేది అతని మాట. అతను పదవీ విరమణ చేసిన రోజు సెక్షన్ ఇంజినీరు శ్యాం పదిమందిలో ఆ మాటే చెప్పి దండ వేశాడు.

అందుకే శ్యాంకు బల్లార్షా వైపు బదిలీ అయినప్పుడు, అక్కడ క్వార్టర్ ఇంకా దొరకనప్పుడు, అతని భార్య అనిత తన ఉప్పునీటి తొట్టిని టీక్యా ఇంట్లో పెట్టించింది. నారింజ రంగు ఒంటి మీద తెల్లపట్టీల చేపలు రెండు, ఎర్రగీతల రొయ్య ఒకటి, నాలుగు నత్తలు, రాయిని కరుచుకుని ఊగే సముద్రపు పువ్వు ఒకటి. పువ్వు అంటారు గానీ అదీ ప్రాణమే. ఆ చేపల జంటను ఆమె ఏడేళ్ళుగా పెంచుతోంది.

"రెండు నెలలు అన్నా. క్వార్టర్ రాంగనే నేనే వచ్చి తీస్కపోత. నా పిల్లల్లెక్క ఇవి," అంది తొట్టి మీద చెయ్యి వేసి.

"పిల్లల్లెక్కనే సూస్త తల్లీ," అన్నాడు టీక్యా.

వారం వారం కొంత నీరు తీసి కొత్త నీరు పొయ్యాలి. మొదటి నెల ఆమె ఇచ్చిపోయిన ప్రత్యేకమైన ఉప్పు సరిపోయింది. తర్వాత రావలసిన పార్సిల్ ఎక్కడో ఆగిపోయింది. శ్యాం ఫోన్‌లో ఉపాయం చెప్పాడు. "సముద్రం నీళ్ళు తెచ్చినా నడుస్తది టీక్యన్నా. గని పద్ధతి తప్పొద్దు. ఒడ్డు నీళ్ళు వద్దు, పడవల లోపలికి పోవాలె. ఏరు కలిసే కాడ వద్దు. వాన పడ్డ వారం వద్దు. తెచ్చినంక రెండు వారాలు చీకట్ల మూసిపెట్టి, పైతేట తీసి పొయ్యాలె."

టీక్యా అన్నీ కాగితం మీద రాసి గోడకు అతికించాడు. ఆ కాగితంలో ఒక మాట మాత్రం తప్పిపోయింది. దేంట్లో మూసిపెట్టాలో శ్యాం చెప్పలేదు, టీక్యా అడగలేదు.

నీళ్ళ ప్లాంటు నడిపే పరశురాములు దగ్గర నాలుగు క్యాన్లు అడిగి తీసుకుని, తిరుపతి పోయే బండెక్కి చీరాలలో దిగాడు. అరవై ఒక్క ఏళ్ళకు మొదటిసారి సముద్రాన్ని చూశాడు. చూసి సంతోషపడతాననుకున్నాడు గానీ, ఇంట్లోని తొట్టే గుర్తుకొచ్చింది. ఇంత నీటిలో బతకవలసినవి తన ఇంట్లో మూడడుగుల అద్దాల మధ్య తన మాట మీద బతుకుతున్నాయి.

పడవ సర్దుకుంటున్న జాలరి క్యాన్లు చూసి నవ్వాడు. "ఏంటి బాబాయ్, చేపలకి వచ్చేవోళ్ళని చూశాను గానీ, నీళ్ళకి వచ్చినోడిని నిన్నే చూడటం!"

"మా దిక్కు దొరకయి బిడ్డా. జర లోపటికి తీస్కపో."

"సరే ఎక్కు. ఎంత తోడుకున్నా మాకేం తరగవులే."

తిరుగు బండిలోనూ అదే వరస. "ఏంది తాతా, కల్లా?" అన్నాడు ఎదుటి సీటులోవాడు.

"సముద్రం."

"అయితే మంచిదే. పప్పుల ఉప్పెయ్యక్కర్లేదు!"

పెట్టెలో అందరూ నవ్వారు. టీక్యా కూడా నవ్వాడు. కానీ బండి కుదిపినప్పుడల్లా కాళ్ళతో క్యాన్లను అదిమి పట్టుకుంటూనే వచ్చాడు.

తెల్లారి పరశురాములు గడపలో నిలబడ్డాడు. "అన్నా, రేపు పెండ్లి ఆర్డరున్నది. క్యాన్లు గావాలె. నీళ్ళకు నా తాన నీలం డ్రమ్మున్నది, ఇయ్యనా?"

"దాంట్ల ముందేమున్నది?"

"మిర్చి మందు. మస్తు సార్లు కడిగిన గని."

టీక్యా తల అడ్డంగా ఊపాడు. తండాలో మందు డబ్బాలో నీళ్ళు తాగి గిలగిలా కొట్టుకున్న మనిషిని తన కళ్ళతో చూశాడు. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో ఏ డ్రమ్ము చూసినా మిర్చి చేలో తిరిగి వచ్చిందే. ప్లాస్టిక్ అంటేనే అతనికి భయం పట్టుకుంది.

రుక్కి అటక మీది నుంచి రాగి గంగాళం దింపించింది. ఆమె తల్లి పెళ్ళినాడు ఇచ్చినది. బిడ్డ పెళ్ళికి, మనవళ్ళ పురుళ్ళకు నీళ్ళు కాగింది అందులోనే. లోపలి కళాయి పూత ఎప్పుడో పోయి నల్లబడింది. పొద్దంతా కూర్చుని చింతపండు, ఉప్పు వేసి తోమింది. నలుపంతా పోయి నిప్పులా ఎర్రగా తేలింది.

"మా యాడి ఇచ్చినప్పుడు గూడ గింత మెరవలే," అంది మురిసిపోతూ. "దీంట్ల మైల నిలవది."

ఇద్దరూ కలిసి సముద్రాన్ని గంగాళంలోకి వంచారు. పైన తడిగుడ్డ కట్టి, వెనకగది మూలలో పెట్టి తలుపు వేశారు. ఆ రెండు వారాలు రుక్కి ఆ గదిలోకి చెప్పులతో పోలేదు.

గుడ్డ విప్పినప్పుడు నీరు అద్దంలా ఉంది. అడుగున ఇసుక కనబడుతోంది. నీటి అంచు వెంట మాత్రం గంగాళం చుట్టూ సన్నగా, నీలమూ పచ్చా కలిసిన గీత ఒకటి ఏర్పడి ఉంది.

"సముద్రం రంగు దిగింది సూడు," అంది రుక్కి.

టీక్యాకు అది అందంగానే కనిపించింది. రెండు బకెట్లు తీసి తొట్టిలో పోశాడు. మర్నాడే నత్త పడింది.

సోమవారానికి మిగతా మూడు నత్తలూ పోయాయి. మంగళవారం రొయ్య రాళ్ళ సందులో పక్కకు ఒరిగి, కాళ్ళు మాత్రం ఆడిస్తూ, సాయంత్రానికి అవి కూడా ఆడించడం మానేసింది. అరచేయంత విచ్చుకునే పువ్వు ముడుచుకుని గుప్పెడు జిగురులా అయింది. పాత నీరు చెడిందనుకున్నాడు టీక్యా. చెడినప్పుడు కొత్త నీరు పొయ్యాలని అనిత చెప్పింది. మళ్ళీ రెండు బకెట్లు తెచ్చి పోశాడు. పోసిన గంటకు చేపలు రెండూ రాళ్ళకు ఒళ్ళు రాసుకోవడం మొదలుపెట్టాయి. బుధవారం ఇంకో రెండు బకెట్లు పోశాడు.

ఆ సాయంత్రమే అనిత ఫోన్ చేసింది. "అన్నా, క్వార్టర్ వచ్చింది! ఆదివారం పొద్దుగాల్ల బండికి వస్తున్న. ఎట్లున్నరు నా పిల్లలు?"

ఎదురుగా తొట్టిలో పెద్ద చేప నీటిపైకి వచ్చి నోరు తెరుస్తోంది, మూస్తోంది.

"మంచిగున్నరు తల్లీ," అన్నాడు టీక్యా.

ఫోన్ పెట్టేశాడు. పగిలిన పట్టాను తాకి, మోత విని కూడా, ఏమీ లేదని రాసి బండిని వదిలినట్టుంది. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

శుక్రవారం పొద్దున చిన్న చేప పైకి తేలింది. టీక్యా దాన్ని చూశాడు, తుండుతో ముఖం తుడుచుకున్నాడు, శ్యాంకు ఫోన్ చేశాడు. "సార్, నేను అమ్మకు అబద్ధం చెప్పిన," అని మొదలుపెట్టి, నత్త పడినప్పటి నుంచి జరిగినదంతా చెప్పాడు.

శ్యాం ఒక్కొక్కటే అడిగాడు. వాన పడ్డదా? పడలేదు. ఒడ్డు నీళ్ళా? కాదు, లోపలివి. చీకట్ల పెట్టినవా? పెట్టిన.

"దేంట్ల పెట్టినవ్?"

"గంగాళంల సార్. రుక్కి మస్తు తోమింది. మందు డ్రమ్ములల్ల పొయ్యలే."

"ఏం గంగాళం?"

"రాగిది."

అటువైపు బండి పోతున్న చప్పుడు వినిపించింది.

"టీక్యన్నా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఉప్పునీళ్ళు రాగిని తింటయి. ఆ రాగి మనకేం గాదనిపిస్తది గని, నత్తలకు, రొయ్యలకు చుక్క పడ్డా విషమే. చేపలు జర ఓర్సుకుంటయి. నువ్వు నీళ్ళు మార్చినప్పుడల్లా ఇంకింత పోసినవ్."

"ఇప్పుడు ఏం జెయ్యాలె సార్?"

"ఆ తొట్టిల ఇగ ఏదీ బతకది. రాళ్ళు గూడ రాగిని తాగుంటయి. ఉన్నదాన్ని తీసి కొత్త టబ్బుల, కొత్త సముద్రం నీళ్ళల్ల వెయ్యాలె. రెండు వారాలు ఆగే టైం లేదు."

రుక్కి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "ఎందరు తానం చేసిండ్రు దాంట్లె," అంది మెల్లగా. "బాలింతలు చేసిండ్రు. మా యాడి ఇచ్చిందాంట్ల విషమెక్కడిది?" ఆమె తన రెండు అరచేతులను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

దొరికిన బండెక్కి అతను చీరాల పోయాడు. ఈసారి క్యాన్లు కొత్తవి. జాలరి నవ్వబోయి, ముఖం చూసి ఊరుకున్నాడు. అడగకుండానే పడవను నీళ్ళలోకి తోశాడు. శనివారం పొద్దున టీక్యా ఇల్లు చేరేసరికి రుక్కి కొత్త ప్లాస్టిక్ టబ్బు పక్కనే కూర్చుని ఉంది. తొట్టిలో పెద్ద చేప అడుగున ఇసుకకు ఆనుకుని, ఒక పక్కకు ఒరిగి ఉంది. రంగు వెలిసి పాత గుడ్డ ముక్కలా అయింది. రెండు చేతులతో దోసిలి పట్టి దాన్ని ఎత్తి కొత్త నీటిలో వదిలాడు. గాలి గొట్టం పెట్టాడు. ఆ పగలంతా ఇద్దరూ దాని మొప్పల కదలికలనే లెక్కపెట్టారు. అవి ఆగలేదు. అలాగని చేప నిటారుగా నిలబడనూ లేదు.

ఆదివారం తెల్లవారగానే టీక్యా చొక్కా వేసుకున్నాడు.

"ఆమెనే ఇంటికి వస్తది గద. గీడనే ఉండరాదు? నీ ముఖం సూస్తే అదన్న బతుకుతదేమో," అంది రుక్కి.

"ఇంట్లె కాలు పెట్టినంక చెప్పుడు వేరు. ముందుగాల్ల చెప్పుడు వేరు."

ప్లాట్‌ఫాం మీద బండి ఆగింది. అనిత ఒక చేతిలో మూత ఉన్న బకెట్, భుజాన సంచితో దిగింది. దూరం నుంచే నవ్వింది. దగ్గరికి వచ్చాక టీక్యా చేతులు కట్టుకుని నిలబడి ఉండటం చూసింది. ఆమె నవ్వు సగంలో ఆగింది. శ్యాం ఆమెకు చెప్పాడో లేదో టీక్యాకు తెలియదు. చెప్పి ఉన్నా, తన నోటితో చెప్పవలసింది తనకు మిగిలే ఉంది.

"బుధవారం నేను నీకు అబద్ధం చెప్పిన తల్లీ," అన్నాడు. "నీ పిల్లలు మంచిగ లేరు."

ఆమె బకెట్ కింద పెట్టింది. వెనక బండి కదలడం మొదలుపెట్టింది.

"ఎన్ని ఉన్నయన్నా?"

"నేను ఇంట్లెకెల్లి ఎల్లినప్పుడు ఒకటి ఉన్నది," అన్నాడు టీక్యా. "మనం పొయ్యేసరికి చెప్పలేను."

అనిత బకెట్ ఎత్తుకుని మెట్ల వైపు నడిచింది. టీక్యా దాన్ని అందుకోబోయాడు గానీ ఆమె ఇవ్వలేదు. రెండడుగులు వెనకగా అతను నడిచాడు.