విప్పిన రిబ్బన్ల చోటు

1986లో చిలకలూరిపేట రోడ్డు మీద ఒక జిన్నింగ్ మిల్లుకు ఎదురుగా నా టైలరు షాపు ఉండేది. జిన్నింగ్ అంటే పత్తిలోంచి గింజ వేరు చేయడం. సీజను మొదలైతే దూది గాలిలో తేలుతూ వచ్చి నా మిషను మీదా, టీ గ్లాసులోనూ పడేది. మిల్లు వాచ్‌మన్ల యూనిఫారాలన్నీ నేనే కుట్టేవాణ్ణి. ఖాకీ కుట్టడం చిన్న పని అనుకుంటారు జనం. కుట్టి చూస్తే తెలుస్తుంది.

ఆ గేటుకు పెద్ద వాచ్‌మన్ దానియేలు గారు. మిలటరీలో హవల్దారుగా చేసి రిటైరై వచ్చినాయన. ఆయన ఎడమ జేబు పైన రిబ్బన్ బార్ ఉండేది. మెడల్స్ రోజూ తగిలించుకుని తిరగలేరు కాబట్టి వాటి రిబ్బను ముక్కలను పక్కపక్కన పేర్చి పట్టీగా పెట్టుకుంటారు, అదే రిబ్బన్ బార్. మామూలుగా పిన్నుతో పెట్టుకుంటారు. లారీల తాళ్ళకు తగులుకుని ఊడిపోతోందని ఆయన తన రెండు డ్యూటీ చొక్కాలకూ నా చేత కుట్టించుకున్నారు. వాటితోనే మూడేళ్ళు గేటు దగ్గర ఎండలో నిలబడ్డారు.

ఒకరోజు ఆ రెండు చొక్కాలూ తెచ్చి బల్ల మీద పెట్టారు.

"మస్తానూ, ఇవి విప్పెయ్యి."

"అదేందండీ! ఎందుకు?"

"కొత్తగా నలుగురు చేరారు గదా. అంతా మిలటరీ సెలక్షన్‌కు పోయి తప్పినోళ్ళేనంట. ఇవి చూస్తే చిన్నబుచ్చుకుంటారు, తీసేస్తే బాగుంటదన్నాడు మేనేజరు."

నాకు ఒళ్ళు మండింది. "వాళ్ళు చిన్నబుచ్చుకుంటే మీరు తియ్యడమేందండీ? అదేమన్నా దొంగసొమ్మా?"

"పోనీలేవయ్యా. పుండు మీద కారం చల్లడం ఎందుకు?" అన్నారు. రిబ్బన్లు మాత్రం ఇంటికి తీసుకెళ్ళలేదు. "ఇంట్లో ఉంటే చూసుకుంటా కూచుంటా. నీ దగ్గరే ఉండనీ" అన్నారు. విప్పాక బొత్తాల డబ్బాలో వేశాను.

బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపి పట్టీ ఎత్తేసరికి కింద ఇంకో పట్టీ కనిపించింది. మూడేళ్ళ ఎండకు చొక్కా అంతా వెలిసిపోయింది, రిబ్బన్ల కింద గుడ్డ మాత్రం ముదురు రంగులో అలాగే ఉండిపోయింది. నాలుగంగుళాల పొడవు, అరంగుళం వెడల్పు, చుట్టూ సూది బెజ్జాలు. సోడా వేసి ఉతికాను. తడిగుడ్డ మీద మచ్చ కనిపించలేదు, హమ్మయ్య అనుకున్నాను. ఇస్త్రీ పెట్టె పెట్టాక ఆవిరి లేచేకొద్దీ అది మెల్లగా పైకి తేలింది. గుడ్డ సంగతి నాకు తెలుసు. అయినా నా ఒళ్ళు జలదరించింది.

పది రోజులు తిరక్కుండానే, మిల్లులో పత్తి ఏరే సుబ్బులు జాకెట్టు కొలతలకని వచ్చి గొంతు తగ్గించింది.

"మాస్టారూ, దానియేలు గారికి గుండెల్లో తూటా దిగిందంటగా? చచ్చాడనుకొని వదిలేసి పోయారంట. ఆ నెత్తురే ఇప్పుడు పైకొస్తందంట."

"ఎవరు చెప్పారే నీకు?"

"అందరూ అంటన్నారు. చొక్కా మార్చినా మచ్చ అక్కడే ఉంటంది, చూళ్ళా?"

"అది ఎండకు వచ్చిన తేడా పిచ్చిదానా!"

"ఎండకు వెలిస్తది గానీ నల్లబడతదా? నన్ను మరీ వెర్రిదాన్ని చెయ్యబాకండి" అని కొలతలు కూడా ఇవ్వకుండా పోయింది.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆ మధ్యాహ్నం గంట కొట్టాక చూశాను. ఆడవాళ్ళంతా అరుచుకుంటూ, నవ్వుకుంటూ తలల నిండా దూదితో బయటికి వస్తున్నారు. గేటు దగ్గరికి రాగానే గొంతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. గుంపు రెండుగా చీలి, ఆయనకు దూరంగా గోడల వెంబడి నడిచింది. నడినెత్తిన ఎండ, ఒక్క మాట లేదు. ఆయన మచ్చ కనబడకుండా అరచేయి ఎడమ జేబు మీద అదుముకుని నిలబడ్డారు. చూసేవాళ్ళకు గుండెలో బాధేదో పట్టుకున్నట్టే ఉంది. నాకే భయం వేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి?

సాయంత్రం షాపుకు వచ్చి కూర్చున్నారు. "ఒకటో తారీఖు నుంచి గేటు వద్దన్నాడు మేనేజరు. వెనక గోడౌను కాడికి పొమ్మన్నాడు. కూలీలు జడుసుకుంటన్నారంట. తూటా తగిలింది తొడలోనయ్యా" అన్నారు.

మర్నాడు కొత్తవాళ్ళలో పెద్దవాడు కోటేశ్వరరావు యూనిఫారం ట్రయలుకు వచ్చాడు. ముప్పైకి దగ్గర పడినవాడు.

"మాస్టారూ, నాకు ఆయనతో డ్యూటీ వెయ్యొద్దని మేనేజరు గారికి మీరన్నా చెప్పండి. ఆ మచ్చ వంక చూడకుండా ఉండలేకపోతన్నా."

నాకు కోపం ఆగలేదు. బొత్తాల డబ్బా తీసి అతని ముందు బోర్లించాను. "ఇదిగో నీ నెత్తురు మచ్చ! ఇది డెబ్బై ఒకటి యుద్ధానిది, ఇది మంచుకొండల్లో కాపలాకు, ఇది దెబ్బ తగిలినందుకు. మీ మనసులు నొచ్చుకుంటాయని విప్పించారు నాయనా!"

అతను రిబ్బన్లను చేత్తో తాకలేదు. వంగి చూశాడు.

"మా మనసులా? మమ్మల్ని ఎవరూ అడగలేదే!"

"కుళ్ళుకోలేదా మీరు?"

"కుళ్ళుకున్నా. మూడుసార్లు పోయా సెలక్షన్‌కు, ఛాతీ చాలలేదని పంపేశారు. అవి చూసిన రోజు అన్నం సయించలా. అయినా విప్పమని నేనెందుకంటా మాస్టారూ? ఆయన పక్కన నిలబడి పని చేస్తన్నానని మా ఇంట్లో చెప్పుకున్నా."

సగం కుట్టిన చొక్కాతోనే రోడ్డు దాటి వెళ్ళి దానియేలు గారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన బనీనుతో స్టూలు మీద కూర్చుంటే నేను రిబ్బన్లు మళ్ళీ కుట్టాను. పాత బెజ్జాల్లోనే సూది దిగింది. మచ్చ అంచు దారమంత కూడా బయటికి కనిపించలేదు.

"నీకు బాధగా ఉండదంటయ్యా?" అని అడిగారు దానియేలు గారు.

"ఉంటదండీ. ఉండనివ్వండి" అన్నాడు కోటేశ్వరరావు.

ఆ మాట పట్టుకుని నలుగురూ మేనేజరు దగ్గరికి వెళ్ళారు. గోడౌను మాట మళ్ళీ రాలేదు. సుబ్బులు కూడా రిబ్బన్ల వంక, నా వంక చూసి మూతి తిప్పుకుని జాకెట్టు గుడ్డ ఇచ్చి వెళ్ళింది.

అప్పటి నుంచి ఎవరైనా చొక్కా మీది గుర్తులు విప్పమని వస్తే, "ఎవరడిగారు?" అని అడగనిదే పని ముట్టుకోను. నొచ్చుకుంటారని మనం అనుకునేవాళ్ళను ఒక్క మాట అడిగితే పోయేదేముంది? మేనేజరు అడగలేదు, దానియేలు గారు అడగలేదు, ఇంత నోరున్న నేనూ అడగలేదు. బతికున్న మనిషిని పది రోజులు దయ్యాన్ని చేసి గేటు దగ్గర నిలబెట్టాం. బ్లేడు పట్టింది నా చెయ్యే.