గ్లౌజుల టాంగీ

టాంగీ కెర్వెలా గ్లౌజులు తొడుక్కుని టైపు చేసేవాడు. జనవరిలో అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆగస్టులో, కిటికీలన్నీ తెరిచి మేం విసురుకుంటూ కూర్చున్నప్పుడు కూడా, మోచేతుల దాకా వచ్చే ముతక ఉన్ని గ్లౌజులతో కీబోర్డు మీద ఎలుగుబంటిలా పడేవాడు.

మాది ఫ్రాన్సులో, బ్రెతాన్ తీరంలో చిన్న రేవు. మా ఆఫీసు పని పడవల జ్ఞాపకాలు దాచడం. ఏ పడవ ఎప్పుడు కట్టారు, ఎవరెవరు పనిచేశారు, చివరికి ఏ రాయికి తగిలింది, అంతా పాత గుమాస్తాల రాతల్లోంచి డేటాబేస్‌లోకి ఎక్కించాం. బయటివాళ్లూ తమ ఫోన్లలోంచి వెతుక్కోవచ్చు. దాన్ని చూసుకునేవాడు టాంగీ.

"చలేస్తోందా?" అని మొదట్లో అడిగాను.

"నాకు కాదు మయెల్, జనానికి."

"ఏ జనానికి?"

"వెతికే జనానికి" అని, 'కె' కొట్టబోయి కె, ఎల్, ఎం మూడూ కొట్టాడు.

ఆ గ్లౌజులతోనే కాఫీ తాగేవాడు. ఆ గ్లౌజులతోనే వెన్న కేకు తిని, ఆ వెన్నతోనే మీటలు నొక్కేవాడు. ఏడాదిలో మూడు కీబోర్డులు పోయాయి. ఒకసారి డైరెక్టరు కెమెనర్‌గారికి సెలవు చీటీ కొడితే, అందులో అర్థమైనది తేదీ ఒక్కటే. ఆయన దాన్ని బ్రెతాన్ భాష అనుకుని, తనకు రాదని ఒప్పుకోలేక, సెలవిచ్చేశారు.

కెమెనర్‌గారికి అక్షరాల మీద ప్రాణం. మా అక్షరాల నెత్తిన గీతలూ చుక్కలూ టోపీలూ ఉంటాయి కదా, ఆ తలకట్లంటే మరీ. ఆయన పేరులోనే రెండు గీతలున్నాయి. అవి లేకుండా కవరు వస్తే విప్పకుండా తిప్పి పంపేవారు. మా సెర్చ్ కూడా ఆయనకు తగ్గదే. పడవ పేరు మీద ఒక్క తలకట్టు తగ్గినా 'దొరకలేదు' అనేది, ఆ పడవ కిటికీ అవతల నీళ్లలో ఊగుతున్నా సరే. దాన్ని కాస్త మెత్తబరుస్తానని టాంగీ రెండుసార్లు అర్జీ పెట్టాడు. రెండుసార్లూ ఆయన చించేశారు.

ఫోను బల్ల అనీక్‌గారిది. పన్నెండేళ్లు సార్డీన్ చేపల ఫ్యాక్టరీలో చేసి, ఆ తర్వాత ఇక్కడికి వచ్చిన మనిషి. ఎక్కడెక్కడి ముసలివాళ్లో ఫోను చేసేవారు. "మా నాన్న ఎక్కిన పడవ ఏమైందమ్మా?" అనేవారు. "నీలం పడవ కదూ, ముక్కు దగ్గర తెల్ల చార?" అని ఆవిడ మాట కలిపేది. ఆ గొంతు వింటుంటే పొగమంచులో దూరంగా దీపం వెలిగినట్టుండేది. ఆవిడ పింఛనుకు ఇంకా పద్నాలుగు నెలలు.

ఆ వేసవిలో కెమెనర్‌గారికి లెక్కల పిచ్చి పట్టింది. ఏ బల్ల దగ్గర ఎన్నిసార్లు 'దొరకలేదు' వచ్చిందో సోమవారం సోమవారం జాబితా కావాలన్నారు. ప్రింటు తీసేది నేనే. అందరివీ ఇరవై, పాతిక. అనీక్‌గారిది రెండువందల పద్నాలుగు.

మీటింగు పెట్టారు.

"మదామ్, ఇంత పరధ్యానమైతే ఎలా? ఒకటో తారీఖు నుంచి మీరు నేలమాళిగలో పెట్టెలకు చీటీలు అంటించండి. ఫోను వేరేవాళ్లు చూస్తారు."

అనీక్‌గారు చేతులు ఒళ్లో పెట్టుకుని, వాటినే చూస్తూ కూర్చుంది. నేలమాళిగలో కిటికీ లేదు. ఫోనూ లేదు.

టాంగీ లేచాడు. "ఆ రెండువందల పద్నాలుగూ నావి సార్."

"నీ బల్ల పై అంతస్తులో కదయ్యా?"

"ఆవిడ బల్ల దగ్గర ఎండ బాగుంటుంది. ఆవిడ లేనప్పుడు కూర్చుని పరీక్షలు చేస్తుంటాను."

"ఈ గ్లౌజులతోనా?"

"ఇవి లేకపోతే అది పరీక్షెలా అవుతుంది? నడిసంద్రంలో, డెక్కు మీద, గడ్డకట్టిన వేళ్లతో ఫోను పట్టుకున్నవాడు ఒక టోపీ కోసం రెండు మీటలు నొక్కుతాడా సార్?"

"అయితే గ్లౌజులు తియ్యి!"

"చలి కూడా మీరే తీసేస్తారా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. కెమెనర్‌గారు ఎర్రబడ్డారు. "అంటే నా పేరు నెత్తిన గీతలు చెరిపేస్తావా?"

"ముట్టుకోను సార్. అసలు రాత ఉన్నదున్నట్టే ఉంటుంది. పక్కన తలకట్లు తీసిన నకలొకటి పెడతాను. అడిగిన మాటకూ తలకట్లు తీసి ఆ నకల్లో వెతుకుతుంది. తెర మీద చూపించేది మాత్రం అసలుదే. లోపలికి టోపీ తీసి రావాలి, బయటికి పెట్టుకుని పోవాలి. చర్చిలో అంతే కదా?"

చర్చి అనేసరికి కెమెనర్‌గారు మెత్తబడ్డారు. వారం గడువిచ్చారు.

ఐదు రోజుల్లో పని అయింది. కెమెనర్‌గారు తన పేరు బోడిగా కొట్టి చూసుకున్నారు. రెండు గీతలతో, రాజసంగా, ఆయన తాతగారి పడవతో సహా తెర మీదికి వచ్చింది. ఆయన టై సర్దుకున్నారు. మరుసటి సోమవారానికి అనీక్‌గారి లెక్క మూడు. నేలమాళిగ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పాత జాబితాలు ఫైలులో పెడుతుంటే, ఆ రెండువందల పద్నాలుగింటి పక్కనున్న టైముల మీదా, కొట్టిన పేర్ల మీదా నా కళ్లు ఆగాయి. టాంగీని మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"ఇవన్నీ పొద్దునపూటవి. ఆ టైముకి నువ్వు కింద సర్వర్ దగ్గరుంటావు. పైగా నీ గ్లౌజులతో కొడితే ఒక్క దెబ్బకి మూడక్షరాలు పడతాయి. వీటిలో ఒక్క అక్షరం చెదరలేదు. తలకట్లే లేవు."

"అరవకు తల్లీ!"

"నిజం చెప్పు."

గ్లౌజుల వంక చూసుకున్నాడు. "పోయిన సెప్టెంబరులో చూశాను. టోపీ మీట కోసం ఆవిడ వేలు వంచుతోంది, వేలు వంగనంటోంది. ఫ్యాక్టరీ చన్నీళ్ల పుణ్యం. అడిగితే 'నాకేం, రాయిలా ఉన్నాను' అంటుంది. సెర్చ్ మార్చాలంటే ఆయనకో కారణం చూపించాలి. ఆవిడ వేళ్లు మాత్రం ఆ కారణం కాకూడదు. అందుకని ఎవరో ఒకరు పిచ్చివాడు కావలసి వచ్చింది."

"నీకది కష్టం కాలేదులే."

"సగం దారి అప్పటికే వచ్చి ఉన్నాను" అన్నాడు.

ఆ శుక్రవారం అనీక్‌గారు వెన్న కేకూ, ఓ కాగితం పొట్లమూ తెచ్చింది. పొట్లంలో సముద్రం రంగు గ్లౌజులు. కుడి బొటనవేలు కాస్త పెద్దది.

"పాతవి చిల్లులు పడ్డాయి నాయనా. చిల్లుల్లోంచి వేళ్లు కనబడుతుంటే డైరెక్టరుగారు ఎన్నాళ్లు నమ్ముతారు? ఈ వేళ్లతో అల్లేసరికి మూడు నెలలు పట్టింది."

"మూడు నెలలా?" అన్నాను. "మీటింగయి మూడు వారాలు కూడా కాలేదే!"

"ఫోనులో గొంతు వినే ఏ పడవ వాళ్లో చెప్పేదాన్ని. ఎదురుగా తిరిగే పిచ్చివాణ్ణి పోల్చుకోలేనా?" అంటూ ఆవిడ కేకు కోసింది.

టాంగీ చెవుల దాకా ఎర్రబడి, కొత్త గ్లౌజులు తొడుక్కుని, వాటితోనే పెద్ద ముక్క అందుకున్నాడు. అప్పుడే కెమెనర్‌గారు లోపలికి వచ్చారు.

"ఇంకా గ్లౌజులేమిటయ్యా? సెర్చ్ బాగైందిగా?"

"పరీక్ష అవలేదు సార్."

"ఎప్పటికవుతుంది?"

టాంగీ వెన్న కారుతున్న వేళ్లు ఒక్కొక్కటే మడిచి లెక్కపెట్టాడు.

"పద్నాలుగు నెలలు పట్టొచ్చు."