సాంబ్రాణి పొగలో అక్క పాదం

ఈ రోజు నర్సుకు అబద్ధం చెప్పాను. అక్క కాలికి రోజూ కట్టు మారుస్తున్నానన్నాను. మూడు రోజులుగా దాన్ని ముట్టలేదు.

అక్కకు చక్కెర జబ్బు. కుడికాలి వేళ్లు రెండు తీసేసి, విజయవాడ ఆసుపత్రి వాళ్లు ఈమధ్యే ఇంటికి పంపారు. బావ పోయాక ఒంటరిగా ఉంటోంది కాబట్టి జగ్గయ్యపేటలో మా ఇంటికే తెచ్చుకున్నాను. వారానికి రెండుసార్లు ఆసుపత్రి తరఫున నందిగామ నుంచి నర్సు వస్తుంది. మిగతా రోజుల్లో పుండు సెలైన్‌తో కడిగి కొత్త కట్టు కట్టాల్సింది నేనే. మొదటి రోజే నా చేత చేయించి నేర్పింది.

"వాసన తేడాగా వస్తే వెంటనే ఫోన్ చెయ్యండి బాబాయ్ గారూ. మీ ముక్కే మాకు సగం డాక్టరు" అని నవ్వింది.

వాసన వచ్చింది. ఒకనాడు కట్టు విప్పుతుంటే గుడ్డ పుండుకు అంటుకుని, పచ్చటి జిగురు దారంలా సాగింది. ఎండలో వదిలేసిన చేపల బుట్ట కంపు. పెరట్లోకి పరుగెత్తి కక్కుకున్నాను. ఎలాగో కట్టు చుట్టేసి, మర్నాటి నుంచి ఆ పని మానేశాను. ఫోన్ చేయలేదు. ధూపం వేశాను. పరామర్శకు చుట్టాలు వస్తున్నారు, ఇల్లు కంపు కొడుతోందని చెప్పుకుంటారని నిప్పుల మీద గుప్పెళ్లతో సాంబ్రాణి చల్లాను.

"ఇల్లు గుడిలా పెట్టావురా. ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నావో!" అంది వీరులపాడు నుంచి వచ్చిన పిన్ని. ఆ పొగడ్తకు సంతోషించాను కూడా. తల్చుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

ఈ రోజు నర్సు గుమ్మంలోనే ఆగింది. "సాంబ్రాణి ఎవరికండీ, దేవుడికా, పుండుకా?"

కట్టు విప్పాక ఆమె ముఖంలో నవ్వు పోయింది. "ఎప్పుడు మార్చారు?"

"నిన్న."

"అవునా పెద్దమ్మా?"

అక్క నా వైపు చూడలేదు. "అవునమ్మా. పాపం, రోజూ మారుస్తున్నాడు."

"రోజూ కడిగినా ఇలా ఉందంటే లోపలికి ముదిరిందనే డాక్టర్లు అనుకుంటారు. పాదం తీసేద్దామంటారేమో. డాక్టర్ గారికి చెప్తా" అంది నర్సు. పుండు శుభ్రం చేసి, కొత్త కట్టు కట్టి వెళ్లిపోయింది.

"నా కోసం ఎందుకబద్ధమాడావక్కా?" అన్నాను.

"నీ ఇంట్లో ఉంటూ నీ పరువు తియ్యమంటావా?"

నా బద్ధకం, నా ముక్కు సుకుమారం అక్క పాదం మీదికి తెచ్చాయి. బండి తీసుకుని వెళ్లేసరికి నర్సు హైవే మీది చిల్లకల్లులో నందిగామ బస్సు కోసం నిలబడి ఉంది. బస్టాపులో నలుగురూ వింటుండగానే ఉన్నదంతా చెప్పాను.

"మీకేం పొయ్యేకాలమండీ? పాదం పోయేది ఆవిడదా, మీదా?" అంది. అక్కడే డాక్టరుకు ఫోన్ చేసి నా తప్పు నా ఎదుటే చెప్పింది. రేపు పొద్దున్నే అక్కను ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. చూశాకే పాదం సంగతి తేలుస్తామన్నారు. ఈలోగా సాయంత్రం ఇంకోసారి కట్టు మార్చమన్నారు.

ఇంటికొచ్చి అక్క కాళ్ల దగ్గర కూర్చున్నాను. "తప్పు చేశానక్కా. నర్సుకు అంతా చెప్పేశా" అన్నాను. అక్క కాలు ముందుకు పెట్టింది. సాయంత్రం ఫ్యాను ఆపి, కిటికీ తెరిచి కట్టు విప్పాను. ఆ కంపు మళ్లీ గొంతులోకి ఎగదన్నింది.

"కక్కుకుని రారా. నేనెక్కడికి పోతాను!" అంది అక్క.

వెళ్లి కక్కుకుని, చేతులు కడుక్కుని వచ్చాను. పుండు అంచుల దాకా కడిగి, కొత్త కట్టు కట్టాను. ఫోటో తీసి నర్సుకు పంపాను. రేపటికి కారు మాట్లాడాను.