సోమవారం నాటి షుగర్ గోలి

మా చెల్లె బిడ్డ పది రోజులుగా నా దగ్గరే ఉంటోంది. మందమర్రి నుంచి వచ్చి ఇక్కడ కరీంనగర్‌లో ఇంటర్ ఒకేషనల్ నర్సింగ్ చదువుతోంది. హాస్టల్లో నీళ్ల తిప్పలు మొదలయ్యాయని, పరీక్షలయ్యే దాకా పెద్దమ్మ ఇల్లే నయమని మూట సర్దుకుని వచ్చేసింది. పొద్దున్నే వంటింటి గడప మీద కూర్చుని, ఫోన్ చూస్తూ ఫార్మకాలజీ వల్లె వేస్తుంది. మందు పేరు, మోతాదు, మింగాక ఎంతసేపటికి పని మొదలుపెడుతుంది, ఎప్పుడు జోరు మీద ఉంటుంది, ఎప్పటిదాకా ఒంట్లో ఉంటుంది. మొన్న గ్లిబెన్‌క్లమైడ్ దగ్గరికొచ్చి ఆగిపోయి, "పెద్దమ్మా, గీ టైములన్ని మనకెందుకే? గోలి ఇచ్చుడు మన పని, పనిచేసుడు దాని పని గదా?" అంది. మామూలుగా అయితే దాని మాటలకు నవ్వుతాను. ఆ రోజు నవ్వలేదు. అది షుగరు గోలి. నా ఉద్యోగంలో ఎన్ని వేలసార్లు ఇచ్చి ఉంటానో లెక్కలేదు. అయినా దాని పేరు వింటే నా అరచేతులకు ఇప్పటికీ చెమట పడుతుంది.

నేనూ ఆ చదువే చదివాను. మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మాది చర్చికి పోయే కుటుంబం. ఆ రోజుల్లో మా సంఘంలో పదో తరగతి గట్టెక్కిన ఆడపిల్లకు రెండే దారులు, పంతులమ్మ కావడం, లేదా నర్సమ్మ కావడం. సుద్దముక్క పొడికి నాకు తుమ్ములొస్తాయి కాబట్టి రెండోదానికి పంపించారు. అలా అని మా అవ్వ అందరికీ చెప్పుకునేది. నిజానికి నాకు లెక్కలంటే భయం, పంతులమ్మనైతే లెక్కలు చెప్పాల్సొస్తుందని నేనే ఆ తుమ్ములు తుమ్మాను. తీరా ఇక్కడికి వచ్చాక ఫార్మకాలజీ నిండా లెక్కలే. మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు, ఒక చుక్క పక్కకు జరిగితే పదింతలయ్యే మోతాదులు. పదో తరగతి దాకా తెలుగులో చదివిన నాకు ఆ మందుల పేర్లు నోరు తిరిగేవి కావు. చివరికి సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టినట్టు రాగం కట్టుకుని పట్టాను. సెలవులకు ఇంటికి పోతే చర్చిలో కళ్లు మూసుకుని అవే గొణుక్కునేదాన్ని. "నా బిడ్డ పెదవులు ఆగుతనే లేవు, ఎంత భక్తో సూడు," అని మా అవ్వ పక్కావిడతో అన్నది ఒకసారి. అప్పుడు నేను బీపీ గోలీల దగ్గరున్నాను.

మాకు ఫార్మకాలజీ చెప్పిన మేడం పొట్టి మనిషి, గొంతు మాత్రం చివరి బెంచీ దాటి పోయేది. మందు ఇచ్చే ముందు ఐదు చూసుకోవాలని ఐదు వేళ్లు చూపించేది. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన సమయం. మనిషి బొటనవేలు. "బొటనవేలు లేకుంటే తక్కిన నాలుగు ఏం పట్టుకుంటయే?" అనేది. మా భయాలన్నీ మోతాదు దగ్గరే ఉండేవి. సరైన మనిషి అనే మాట మాకు నవ్వులాటగా ఉండేది. ఎదురుగా ఉన్న మనిషిని గుర్తుపట్టడానికి కూడా చదువు కావాలా అనుకునేవాళ్లం. పేరడిగి ఊరుకోవద్దు, ఊరు కూడా అడగాలని ఆమె చెప్పినప్పుడు నేను నోట్సులో రాసుకున్నాను కూడా. రాసుకోవడం వేరు, అడగడం వేరు.

ఊరెందుకు అడగాలో ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. వేములవాడ శివుడు రాజన్నకు మొక్కితే పుట్టారని పిల్లలకు ఆయన పేరే పెడతారు. రాజయ్య, రాజేశం, రాజమల్లు, రాజవ్వ. బస్టాండులో నిలబడి రాజన్నా అని ఒక కేక వేస్తే సగం మంది వెనక్కి చూస్తారు. నేను మొదటిసారి వార్డు డ్యూటీకి పోయిన ఆడవాళ్ల వార్డులో ఆ వారం ఇద్దరు రాజవ్వలున్నారు. మూడో నంబరు మంచం రాజవ్వకు షుగరు. ఎనిమిదో నంబరు రాజవ్వకు జ్వరమొచ్చి తగ్గింది, రెండు రోజుల్లో ఇంటికి పోతుంది. ఇద్దరికీ అరవై దాటాయి, ఇద్దరికీ ముక్కుకు రెండు పక్కలా పుల్లలు. వచ్చిన మర్నాటికే వావి కలుపుకుని అక్కా చెల్లె అనుకోవడం మొదలుపెట్టారు. ఆదివారం మాకు సెలవు. ఆ రోజు ఎనిమిదో నంబరు పైన ఫ్యాను గాలికి జ్వరం రాజవ్వకు చలి పుట్టిందట, ఫ్యాను లేని మూడో నంబరులో షుగరు రాజవ్వకు ఉక్కపోసిందట. ఎవరినీ అడగకుండా ఇద్దరూ మూటలు పట్టుకుని మంచాలు మార్చుకున్నారు. కేసు షీట్లు మాత్రం మంచాలకే వేలాడుతున్నాయి.

సోమవారం ఎనిమిది గంటలకు నేను ట్రే పట్టుకుని బయలుదేరాను. నాలుగు వేళ్లూ సరిగ్గానే లెక్కపెట్టుకున్నాను. మూడో నంబరు మంచం, షీటు మీద రాజవ్వ, గ్లిబెన్‌క్లమైడ్ ఐదు మిల్లీగ్రాములు, టిఫినుకు ముందు.

"రాజవ్వ నువ్వేనా అవ్వా?"

"నేనే బిడ్డా," అంటూ చెయ్యి చాపింది. గోలి నోట్లో వేసుకుని గుటకెడు నీళ్లతో మింగింది. నేను షీటు మీద టిక్కు పెట్టి, మొదటి రోజే ఇంత బాగా చేశానని లోపల మురుసుకుంటూ ముందుకు పోయాను.

తొమ్మిదిన్నరకు ఎనిమిదో నంబరు మంచం మీది అవ్వ నా కొంగు పట్టి లాగింది. "సిస్టరమ్మా, నా షుగరు గోలి మరిసినవా? ఉప్మా గూడ తింటిని." నేను ఆమె ముఖం చూశాను. మూడో నంబరు వైపు చూశాను. మళ్లీ ఆమె ముఖం చూశాను. పొద్దున నేనిచ్చిన షుగరు గోలి జ్వరం రాజవ్వ మింగింది.

అప్పుడే వార్డు చూసుకునే సిస్టర్ దగ్గరికి పరుగెత్తి ఉండాల్సింది. పరుగెత్తలేదు. దుప్పట్లు పెట్టే గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుని నోట్సు తీశాను. గంటలోపే పని మొదలు. రెండు నుంచి నాలుగు గంటల్లో జోరు. ఇరవై నాలుగు గంటల దాకా ప్రభావం. ఎనిమిదికి రెండు కలిపితే పది. గోడ గడియారంలో పదికి ఇరవై నిమిషాలుంది. ఒక్క గోలికి ఏమవుతుందిలే, ఉప్మా తినే ఉంటుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇది రాయడానికి సిగ్గేస్తోంది గాని, ఆ గదిలో నాకు రాజవ్వ ప్రాణం కంటే ముందు నా సర్టిఫికెట్ కనిపించింది. నన్ను కోర్సులోంచి తీసేస్తారు, మూట పట్టుకుని బొగ్గుబాయి కాలనీలో దిగుతాను, బాపు ఏమీ అనకుండా పనికి పోతాడు. ఆయన ఏమీ అనకపోవడాన్నే నేను ఎక్కువ తలుచుకుని ఏడ్చాను.

ముఖం తుడుచుకుని మూడో నంబరు దగ్గరికి పోయాను. "అవ్వా, ఉప్మా తిన్నవా?"

"ఇయ్యాల సోమారం గదా బిడ్డా, ఒక్కపొద్దు. పొద్దుగూకినంకనే నోట్లె ఏస్కునుడు. గోలికి ఒక్కపొద్దు లేదని అది మింగిన."

మా ఇంట్లో సోమవారం అంటే బట్టలుతికే రోజు. రాజన్న సోమవారం నాకు తెలియక కాదు, పక్కిళ్లలో చూస్తూనే పెరిగాను. ఆ పొద్దున నా బుర్రలోకి రాలేదు, అంతే. బిస్కెట్ ఇవ్వబోయాను, వద్దంది. చక్కెర ఎక్కువ వేసిన చాయ తెచ్చాను, చెయ్యి అడ్డం పెట్టింది. చిన్న బిడ్డకు కాన్పు సుఖంగా అయితే ఐదు సోమవారాలు ఉంటానని మొక్కుకుందట. ఇది ఐదోది. మధ్యలో తింటే మళ్లీ మొదటి నుంచి. ఆ మనుమడికి తల నిండా జుట్టేనని, వాడి ముక్కు అచ్చం తన ముక్కేనని నాకు చెబుతోంది. నేను ఆమె నుదుటి మీద చెమట ఉందేమోనని చూస్తున్నాను.

ఇక లాభం లేదని సిస్టర్ దగ్గరికి పోయాను. ఆమె ఉట్నూర్ దిక్కు ఏజెన్సీ ఊళ్లలో చాలా ఏళ్లు చేసి వచ్చిన మనిషి. నడిచినా పరుగెత్తినట్టే ఉంటుంది. వార్డు చివర ఒక ముసలమ్మ కాలిపుండుకు కట్టు కడుతోంది. నేను చేతులు నలుపుకుంటూ జరిగింది చెప్పాను. ఆమె తల ఎత్తకుండానే ఒకే ప్రశ్న అడిగింది.

"ఎన్నింటికిచ్చినవ్?"

"ఇప్పుడే సిస్టర్. పది నిమిషాలైతది."

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. గోలి ఇచ్చి రెండు గంటలవుతోందని చెప్పడానికి నోరు రాలేదు, అంతే. ఆమె భుజాలు సడలాయి. "పది నిమిషాలేనా? అయితే జర పురుసత్ ఉంది. పరేషాన్ గాకు. ఈ కట్టు ముగించుకొని వస్త, గంటలోపల ఏదన్న తినిపిద్దాం," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పు ఒప్పుకున్నాను, తిట్లు కూడా పడలేదు. నాలుగు మంచాలు దాటేదాకా ఆ సంబరం ఉంది. ఐదో మంచం దగ్గర అర్థమైంది. ఆమె ఊరట పడింది నేను చెప్పిన పది నిమిషాల గోలి గురించి. రాజవ్వ ఒంట్లో ఉన్న గోలి వేరు.

మూడో నంబరు దగ్గరికి వచ్చేసరికి రాజవ్వ మనుమడి ముచ్చట ఆపేసింది. పై పెదవి మీద, మెడ మీద చెమటలు. చీర కొంగుతో తుడుచుకోబోతే చెయ్యి వణికి కొంగు జారిపోయింది. "కండ్లు తిరుగుతున్నయ్ బిడ్డా, నన్ను జర ఒరగబెట్టు," అంది. నేను ఆమెను ఒరగబెట్టి, వార్డంతా వినేలా అరిచాను. "సిస్టర్! ఎనిమిదింటికే ఇచ్చిన! ఎనిమిదింటికే!"

సిస్టర్ చేతిలోని పట్టకారు ట్రేలో పడిన చప్పుడు వినిపించింది. ఆమె పరుగున వచ్చింది. వేలు పొడిచి షుగరు చూసే మిషన్ పక్క వార్డులో ఉంటే, అది వచ్చేదాకా కూడా ఆగలేదు. గ్లూకోజు నీళ్లు నోటి దగ్గర పెడితే రాజవ్వ పళ్లు బిగించి తల తిప్పేసుకుంది. "ఒక్కపొద్దు," అంది, మాట ముద్దగా వస్తోంది. సిస్టర్ ఆమె చెవి దగ్గర వంగి, "నోట్లె పోస్తలేను తల్లీ, నరంల పోస్తున్న. నీ ఒక్కపొద్దు యాడికి పోదు," అంటూ పెద్ద సిరంజితో గ్లూకోజు ఎక్కించింది. డ్యూటీ డాక్టరు వచ్చేసరికి రాజవ్వ కళ్లు విప్పి, నేనెందుకు ఏడుస్తున్నానని అడిగింది.

ఆమెకు నా నోటితోనే చెప్పమంది సిస్టర్. చెప్పాను. తిడితే బాగుండును. "మంచాలు మేం మార్చుకుంటిమి, నువ్వేం జేస్తవ్," అంది రాజవ్వ. అయితే చిక్కు అక్కడితో తీరలేదు. ఆ గోలి రేపటిదాకా ఒంట్లో ఉంటుంది, ఎక్కించిన గ్లూకోజు కాసేపే, తినక తప్పదని డాక్టరు చెప్పాడు. రాజవ్వ నా వైపు తిరిగింది.

"మా ఊర్ల ఒగలకు పాణం బాగలేకుంటే ఇంకొగలు ఒక్కపొద్దు అందుకుంటరు. నువ్వు అందుకుంటవా?"

"మేం ఏసయ్యకు మొక్కుతం అవ్వా," అన్నాను భయం భయంగా.

"అయితేంది? ఆకలి ఆకలే గదా."

నేను తలూపాను. మేము చర్చిలో చెప్పిన రోజుల్లో ఉపవాసం ఉండేవాళ్లమే, అది తప్పదు కాబట్టి. ఒకరి బదులు ఉండడం అదే మొదలు. రాజవ్వ లేచి కూర్చుని పెరుగన్నం తిన్నది. నేను ఆమె మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. గంట గంటకూ నాడి చూడడం, వేలు పొడిచి షుగరు చూడడం, షీటు మీద రాయడం. మధ్యాహ్నం డ్యూటీ దిగి అమ్మాయిలు అన్నానికి పోయారు. నేను కదల్లేదు. మూడు గంటలకు కడుపులో పేగులు అరుస్తుంటే, పుస్తకంలో ఇరవై నాలుగు అని రాసి ఉన్న గంటలు ఎంత పొడుగో తెలిసింది. ఒకటి రెండు సార్లు షుగరు కిందికి జారబోయింది, ఇంకాస్త తినిపించాం. కిటికీ అవతల పొద్దుగూకగానే రాజవ్వే నన్ను పిలిచి, "ఇగ తిను బిడ్డా, ఐదు సోమారాలు ఒడిసినయ్," అంటూ తన గిన్నె నా ముందుకు జరిపింది. బుధవారం ఆమె ఇంటికి పోయింది.

నన్ను కోర్సులోంచి తీసేయలేదు. నెల రోజులు గోలీల ట్రే ముట్టనివ్వలేదు, దుప్పట్లు మార్చే పని ఇచ్చారు. మేడం క్లాసులో నిలబెట్టి బొటనవేలు ఎత్తి చూపించమంది, అందరూ నవ్వారు. ఆ సోమవారం సాయంత్రం మాత్రం సిస్టర్ నన్ను తన బల్ల దగ్గరికి పిలిచి, తాను రాసిన కాగితం నా ముందు పెట్టింది. ఏ మంచం, ఏ గోలి, ఎనిమిది గంటలకు ఇచ్చినట్టు, ఎవరిచ్చారో అన్నీ ఉన్నాయి. పది నిమిషాల మాట ఎక్కడా లేదు. నేను తల ఎత్తాను.

"తప్పు గోలి ఇచ్చినందుకు రాసిన," అంది ఆమె. "తప్పు టైం చెప్పినందుకు రాయలే. అది నువ్వే మోసుకో."

రాజవ్వ ఒంట్లోంచి ఆ గోలి మర్నాడు పొద్దుటికల్లా పోయింది. నేను చెప్పిన ఆ పది నిమిషాలు మాత్రం నాకింకా గడవలేదు.