కళ్ళు మూయని లీలాకుమారి

లీలాకుమారి ప్రార్థనలో కళ్ళు మూసుకోదు. ఆమె గురించి ముందుగా చెప్పాల్సింది అదే, మిగతావన్నీ దానికి తోకలే. రహమత్ నగర్‌లో కిరాణా కొట్టు మేడ మీదున్న ఆ చిన్న చర్చిలో, "ప్రార్థన చేద్దాం" అనగానే నూట యాభై తలలు వంగుతాయి, రెండు తక్కువ మూడొందల కళ్ళు మూతపడతాయి. ఆ రెండూ లీలాకుమారివి.

దీని మీద పాస్టర్ దైవాశీర్వాదం గారికి ఏడు ఫిర్యాదులు వెళ్ళాయి. ఆయన ఏడుగురినీ ఒకటే అడిగారు. "ఆవిడ కళ్ళు తెరిచిందని నీకెలా తెలిసింది నాయనా?" ఏడుగురూ నాలుక కరుచుకుని మెట్లు దిగిపోయారు. ఎనిమిదో ఫిర్యాదు తెచ్చినవాడు రూబెన్. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, యూత్ లీడర్, చదువుకున్నవాడు. అందుకని సాక్ష్యంతో సహా వెళ్ళాడు.

"నేను చూడలే అయ్యగారూ, కెమెరా చూసింది. లైవ్ రికార్డింగ్ ఉంటది కదా. చూడుండ్రి."

పాస్టర్ గారు కళ్ళజోడు పెట్టుకుని వీడియో రెండుసార్లు చూశారు. "ఆవిడ సంగతి అలా ఉంచు. ఈ మూల నిలబడి ప్రార్థనలో ఫోన్ చూసుకుంటున్నది నువ్వేగా?" అన్నారు. అది పాటల లిస్టు అని రూబెన్ ఎంత చెప్పినా ఆయన వినలేదు. ఆ రోజు నుంచి రూబెన్‌కి లీలాకుమారి పేరు వింటేనే ఒళ్ళు మండేది.

అసలు ఆ అలవాటు ఆమెకు వృత్తిలోంచి వచ్చింది. ముప్పై ఏళ్ళు సినిమాల్లో హెయిర్ డ్రెస్సర్. కెమెరా వెనక నిలబడి హీరోయిన్ జుట్టు వంకే చూస్తూ ఉండటం ఆమె పని. పొద్దున తీసిన షాట్‌లో చెవి వెనకున్న పాయ సాయంత్రం షాట్‌లో చెవి ముందుకొస్తే, తిట్లు హీరోయిన్‌కి పడవు. "రెప్పేస్తే పాపిట మారిపోద్ది బాబూ. ఇప్పుడు మూసుకోమంటే ఈ కళ్ళకి చేతకాదు" అనేది.

దానివల్ల చర్చికి లాభం లేకపోలేదు. ఒక ఉపవాస ప్రార్థన మంచి ఊపులో ఉండగా, జనమంతా "ప్రభువా" అంటుంటే ఆమె అదే రాగంలో "ఒరే నీలం చొక్కా, ఆ చెప్పులు నీవి కావు, విడువు" అంది. గుమ్మం దగ్గర ఎవడో చెప్పులు వదిలేసి వట్టికాళ్ళతో పరిగెత్తాడు. ఒక పెళ్ళిలో, పాస్టర్ గారు దంపతుల తలల మీద చేతులుంచి ఆశీర్వదిస్తుంటే పెళ్ళికొడుకు జేబులోంచి ఫోన్ తీసి క్రికెట్ స్కోరు చూశాడు. లీలాకుమారి లేచి వెళ్ళి ఫోన్ లాక్కుని పెళ్ళికూతురి చేతిలో పెట్టింది. ఆశీర్వాదం అప్పటికి ఇంకా సగంలోనే ఉంది.

రూబెన్ కోపానికి ఇంకో కారణం, అరవై రెండేళ్ళ ఈ మనిషి యూత్ మీటింగుకి కూడా రావడం. చివరి వరసలో కూర్చుని వచ్చినవాళ్ళను వచ్చినట్టు తిట్టేది. "ఆ తలేంట్రా, కాకిగూడులా?" "నువ్వు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు కదూ, మొహం చూస్తే తెలియట్లా?" మైకు పట్టుకుని ఆనందం గురించి చెబుతున్న రూబెన్ మధ్యలో ఆగిపోయి పళ్ళు నూరుకునేవాడు.

"ఆంటీ, ఇది యూత్ మీటింగ్. మీరెందుకొస్తుండ్రు?"

"చూడ్డానికి. మీరంతా కళ్ళు మూసుకుంటారుగా, ఎవరో ఒకరు చూడాలిగా" అనేది.

ఇలా ఉండగా రూబెన్ పెద్ద సభ ఒకటి తలపెట్టాడు. సంఘ సభ్యుడొకాయన ఫిల్మ్ నగర్‌లో తను పనిచేసే ప్రివ్యూ థియేటర్‌ను శనివారం పొద్దున ఉచితంగా ఇప్పించాడు. మెత్తటి సీట్లు, ఏసీ, స్టేజీ మీద పొగ వదిలే మిషను. పోస్టరు మీద మెరుపుల మధ్య "నేటి యువత, నేటి పోరాటాలు" అని అక్షరాలు. ర్యాంకులకొక స్లయిడు, గంజాయికొకటి, ఫోనుకొకటి, ప్రేమలకొకటి, ఉద్యోగాలకొకటి. ఒక్కో పోరాటానికి ఒక్కో వాక్యం, ఒక్కో బైబిలు వచనం. పిల్లల ప్రాణాలు తోడేస్తున్నవాటిని టిఫిన్ సెంటర్ బోర్డులా చదివేస్తే సరిపోతుందని ఎవరు చెప్పారో ఈ యూత్ లీడర్లకి, వాళ్ళను పట్టుకుని అడగాలి.

చివర్లో లైట్లు తగ్గించి, కీబోర్డు మెల్లగా వాయించమని సైగ చేసి, రూబెన్ గొంతు తగ్గించాడు. "అందరూ కళ్ళు మూసుకోండి. పక్కవాళ్ళని చూడొద్దు. ఇక నా వల్ల కాదు, బతకడం ఎందుకు అని ఎప్పుడైనా అనిపించినవాళ్ళు ఉంటే ఇలా చెయ్యెత్తండి."

ఎలా ఎత్తాలో చూపించడానికి తన ఎడమచెయ్యి ఎత్తాడు. దాన్ని దించడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది. హైటెక్ సిటీలో అతని ఉద్యోగం పోయి మూడు నెలలైంది. ఇంట్లో తెలియదు, చర్చిలో తెలియదు. రోజూ తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని బయల్దేరి, పార్కు బెంచీ మీద కూర్చుని, ఆరింటికి అలసిపోయినట్టు ఇంటికొచ్చేవాడు. నిజంగానే అలసిపోయేవాడు కూడా.

కింద చీకట్లో చేతులు లేచాయి. లెక్కపెట్టాడు, పదకొండు. "దేవుడు చూశాడు. దించండి. ప్రభువా, వీళ్ళను ఆదుకో. ఆమేన్. బయట బిర్యానీ ఉంది, వరసలో వెళ్ళండి" అన్నాడు. పదకొండు మంది అని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. చప్పట్ల బొమ్మలు నలభై వచ్చాయి.

లీలాకుమారి బిర్యానీ ముట్టుకోలేదు. రూబెన్‌ని గోడ పక్కకు లాగి నిలేసింది.

"ఎవరెవరు ఎత్తారు?"

"నాకేం తెల్సు ఆంటీ? పేర్లు రాసుకోలే. అది కాన్ఫిడెన్షియల్."

"పేర్లు రాసుకోకపోతే పోయావు, మొహాలు చూశావా? ఆకలేసినవాళ్ళు చెయ్యెత్తండని, ఎత్తినవాళ్ళని లెక్కపెట్టుకుని, విస్తళ్ళు కట్టగట్టి ఇంటికెళ్ళేవాణ్ణి నిన్నే చూశాను. సిగ్గుందా నీకు?"

"నేను ప్రార్థన చేసిన కదా."

"చేశావు. అరనిమిషం. పొగ మిషను ఆపడానికి నీకు ఐదు నిమిషాలు పట్టింది."

అందరూ చేతుల్లో ప్లేట్లతో వింటున్నారు. రూబెన్ చెవులు ఎర్రబడ్డాయి. ఈవిడ ఉంటే తను ఉండనని పాస్టర్ గారితో తేల్చి చెప్పాలని ఆ క్షణమే అనుకున్నాడు.

మరునాడు ఆదివారం ఆరాధన అవగానే లీలాకుమారి ఇంకో ఘోరం చేసింది. ఇంటర్ చదివే అక్సా అనే అమ్మాయి తల మీద చెయ్యేసి, అందరూ వినేలా, "నీ తల నిండా పేలే. మంగళవారం మా ఇంటికి రా, దువ్వి పెడతాను" అంది. ఆ పిల్ల తల దించుకుంది. వెంటనే డ్రమ్స్ వాయించే కుర్రాడి వంతు. "నీకూ పట్టాయి. బుధవారం రా." మూడు వారాల్లో యూత్‌లో పదకొండు మందికి పేలు పట్టాయని ప్రకటించింది. నలుగురు మగపిల్లలు, ఏడుగురు ఆడపిల్లలు.

తల్లులు రూబెన్ మీద పడ్డారు. "యూత్ మీటింగ్‌కు పంపితే పేలు అంటిస్తుండ్రేంది బ్రదర్?" అతను సరాసరి పాస్టర్ గారి దగ్గరికి పోయాడు.

"పిల్లల ఇజ్జత్ తీస్తుంది అయ్యగారూ. ఇగ ఆమెను యూత్‌కు రానియ్యొద్దు. ఆమెనా, నేనా, మీరే చెప్పుండ్రి."

"ఆ మాట ఆవిడతో నువ్వే చెప్పిరా" అన్నారు పాస్టర్ గారు. లీలాకుమారితో చెప్పే ధైర్యం ఆయనకీ లేదు.

మంగళవారం సాయంత్రం రూబెన్ యూసుఫ్‌గూడలో ఆమె ఉండే మూడో అంతస్తుకి రుసరుసలాడుతూ ఎక్కాడు. తలుపు తెరిచే ఉంది. చిన్న పీట మీద అక్సా ఆ మంగళవారం కూడా గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంది. వెనక లీలాకుమారి జుట్టుకి నూనె రాస్తోంది. పిల్ల మాట్లాడుతోంది. రూబెన్ గుమ్మం బయటే ఆగాడు.

"పుస్తకం తెరిస్తే అక్షరాలు కనపడ్తలేవు ఆంటీ. ఇంట్ల నవ్వుత. బాత్రూంల నల్లా ఇప్పి ఏడుస్త. సప్పుడు వినపడొద్దని."

"ఊఁ."

"పొద్దున లేసుడే కష్టమైతుంది."

"ఊఁ. రేపు పదింటికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం. మీ అమ్మకి నేను చెప్తాను, నువ్వు పక్కన కూర్చో చాలు."

"ప్రార్థన చేస్తే పోదా ఆంటీ?"

"చేద్దాం. ఆటో ఎక్కి చేసుకుంటూ వెళ్దాం. ప్రార్థన చేస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళకూడదని ఎవడన్నాడు? వాడి పేరు చెప్పు, ముందు వాణ్ణి తీసుకెళ్తా."

అక్సా నవ్వింది. జడ వేయించుకుని వెళ్తూ గుమ్మంలో రూబెన్‌ని చూసి, "పేలు పోయినయి బ్రదర్" అని గబగబా మెట్లు దిగింది.

రూబెన్ లోపలికి అడుగుపెట్టాడు. "వాళ్ళకు పేలు లేవా?" అని అడిగాడు.

"పేలెక్కడివి? షాంపూతో రోజూ కడుక్కునే తలలు." దువ్వెన తుడుస్తూ ఆమె విసుక్కుంది. "పేలు పట్టాయంటే ఎందుకెళ్తున్నావని ఎవడూ అడగడు, పక్కకి జరుగుతాడు. మనసు బాగోలేదని చెప్పి చూడు, గల్లీ అంతా గుమికూడుద్ది. పిచ్చంటాడొకడు, దెయ్యమంటాడొకడు, భక్తి చాల్లేదంటావు నువ్వు. అందుకే పేలన్నాను."

"అట్ల అందరూ చెప్తుండ్రా మీకు?"

"వీపు చూపించి కూర్చుంటే ఎవరైనా చెప్తారు. జడేసేదాని దగ్గర ఏడవని హీరోయిన్ని నేను చూళ్ళేదు."

రూబెన్‌కి సిగ్గేసింది. తను పొగలో నిలబడి లెక్కపెట్టిన చేతులను ఈవిడ ఒక్కొక్కటిగా ఇంటికి పిలిపించుకుంది. "అయితే పదకొండు మందితో మాట్లాడిండ్రు" అన్నాడు మెల్లగా.

"మాట్లాడాను. ఇంకొకళ్ళున్నారు. పన్నెండు."

"లే ఆంటీ. నేనే లెక్కపెట్టిన. పదకొండే."

"స్టేజీ మీద నిలబడ్డవాడు తనని లెక్కేసుకోడు."

రూబెన్‌కి ఎక్కడలేని కోపం వచ్చింది. "ఎట్ల ఎత్తాల్నో చూపించిన గంతే. ఉట్టిగనే అన్నీ ఊహించుకోకుండ్రి" అని, చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే కిందికి దిగిపోయాడు. ఆమెను రావద్దని చెప్పాల్సిన సంగతి వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళలేదు.

ఆ ఆదివారం ప్రకటనలు చదవడం అయిపోయాక, లీలాకుమారి తన చోట్లో లేచి నిలబడింది. "ఇంకో ప్రకటన. బ్రదర్ రూబెన్ గారికి పేలు పట్టాయి. బాగా ముదిరాయి. మంగళవారం రావాలి."

సంఘమంతా అతని వంక తిరిగింది. రూబెన్‌ది నున్నటి గుండు. ఇరవై ఐదో ఏటనే జుట్టు పల్చబడటం మొదలయ్యాక, మిగిలినదాన్ని తనే గీయించేస్తూ వచ్చాడు. ట్యూబులైటు వెలుగు దాని మీద పడి మెరుస్తోంది. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత తల్లులు, ఆఖరికి పాస్టర్ గారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఏం జబ్బని గానీ, ఎందుకు రమ్మందని గానీ ఒక్కరూ అడగలేదు.

మంగళవారం రూబెన్ వెళ్ళాడు. ల్యాప్‌టాప్ సంచి గుమ్మం పక్కన పెట్టి, పీట మీద కూర్చుని వీపు ఆమె వైపు తిప్పాడు. మెట్ల మీద అక్సా తన వంతు కోసం పుస్తకం చదువుకుంటూ కూర్చుంది. లీలాకుమారి గోరువెచ్చటి నూనె అరచేతిలో పోసుకుని గుండుకి మర్దనా మొదలుపెట్టింది.

"ఉద్యోగం పోయింది ఆంటీ."

"ఎప్పుడు?"

"నాలుగు నెలలైంది. ఇంట్ల చెప్పలే. అప్లికేషన్లు పెట్టి పెట్టి యాష్టకొచ్చింది. అందరికీ ఆనందం గురించి చెప్పి చెప్పి, ఇంటికి పోతే నాకు నిద్ర పడ్తలేదు."

గుండు మీద ఫెడీమని ఒక దెబ్బ పడింది. మూడో అంతస్తు నుంచి కింది దాకా వినిపించే దెబ్బ.

"నాలుగు నెలలు. నోరు లేదా నీకు? మైకుంటేనే మాట వస్తుందా? కదలకు, నూనె ఇంకా పట్టలేదు. అయ్యాక మీ ఇంటికి వెళ్దాం, మీ నాన్నతో నువ్వు చెప్తావు, నేను పక్కన కూర్చుంటా."

రూబెన్ తల ఊపాడు. ముక్కు ఎగబీల్చుకున్నాడు. ఆమె మళ్ళీ మర్దనాలో పడింది, తిట్టుకుంటూనే.

దెబ్బ చప్పుడు విని అక్సా మెట్ల మీంచి కేకేసింది. "ఆంటీ, బ్రదర్ తలల ఏమన్న దొరికిందా?"

"ఒకటి దొరికింది. నాలుగు నెలల్నించీ ఒక్కడే కూర్చుని పెంచుతున్నాడు."